తేనీటి రంగు నీళ్ళు

(తెలుగు తరగతుల విద్యార్థుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

ఈ రోజు మీకు ఒక నీటి కథ చెబుతాను. కథ అన్నానని రాజులూ రాక్షసులూ వస్తారని ఎదురుచూడకండి. ఇందులో కథానాయకుడు ఒక చిన్న నీటిబొట్టు. అది పైకి ఒంటరిగా కనిపిస్తుంది గాని, నిజానికి ఒక మూట మోసుకొని నడుస్తుంది. ఆ మూటలో ఏమున్నదో, దాన్ని ఎక్కడ ఎత్తుకొంటుందో, ఎక్కడ దించుతుందో తెలుసుకొందాం.

కిందటి ఏడు సెలవుల్లో మా తరగతి పిల్లలను పీట్ అడవి చూపించడానికి తీసుకొని వెళ్ళాను. పీట్ అంటే వేల ఏళ్ళుగా నీటిలో నాని, పూర్తిగా కుళ్ళకుండా పేరుకొన్న ఆకులు, కొమ్మలు, వేళ్ళతో తయారైన నేల. దానినే మీరు మలయ్ పాఠంలో 'గంబుట్' అని చదువుకొన్నారు. ఆ అడవి పక్క కాలువలో నీళ్ళు పాలు పోయని టీలాగా ఉన్నాయి. దుకాణంలో 'తే ఓ' అడిగితే ఇస్తారే, సరిగ్గా ఆ రంగు. మా తరగతి అమ్మాయి ఒకతె ముక్కు చిట్లించి, "మాస్టారూ! ఈ నీళ్ళు మురికివి కదండీ?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. "రేపు రెండు గాజు గ్లాసులు తీసుకొని రా. అప్పుడు మాట్లాడుకొందాం" అన్నాను.

ఆ రెండు గ్లాసుల ప్రయోగం మీరు కూడా ఇంట్లో చేయవచ్చు. ఒక గ్లాసు నీటిలో చెంచాడు మట్టి వేసి కలపండి. రెండో గ్లాసులో పాలు లేని పలుచని టీ పోయండి. రెండింటినీ కదపకుండా ఒక గంట ఉంచండి. మట్టి మెల్లగా అడుగుకు దిగుతుంది; పైన నీరు తేరుకొంటుంది. టీ మాత్రం తేరుకోదు. గుడ్డలో వడకట్టినా దాని రంగు పోదు. ఎందుచేత? మట్టి నీటిలో తేలింది. టీలోని పదార్థం నీటిలో కరిగింది. తేలడం వేరు, కరగడం వేరు. పీట్ కాలువలో రంగు కరిగిన రంగు. అది ఆకులూ వేళ్ళూ నీటికి ఇచ్చిన కర్బనం. అంటే అడవి కాచిన టీ అన్నమాట.

ఈ కర్బనం ఎక్కడిది? మీకు తెలిసిందే. చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడును ఆకులతో పీల్చుకొని, ఎండ సాయంతో చక్కెర తయారు చేసుకొంటుంది. ఆ చక్కెరతోనే ఆకు, కొమ్మ, వేరు, మాను అన్నీ కట్టుకొంటుంది. ఆకు రాలి కుళ్ళినప్పుడు అందులోని కర్బనంలో ఎక్కువ భాగం తిరిగి గాలిలోకి పోతుంది. కొంత నేలలో మిగులుతుంది. కొంత నీటిలో కరుగుతుంది. శాస్త్రజ్ఞులు నీటిని ఒక సన్నని జల్లెడ గుండా పోస్తారు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ సగం చేస్తే ఎంత ఉంటుందో, దాని రంధ్రాలు అంతకన్న చిన్నవి. ఆ జల్లెడ దాటి వచ్చిన సేంద్రియ పదార్థంలోని కర్బనానికి 'కరిగిన సేంద్రియ కర్బనం' అని పేరు పెట్టారు. మన నీటిబొట్టు మోసే మూట అదే.

ఆ మూట నేలలో ఎలా ప్రయాణం చేస్తుందో ఓపికగా కొలిచి చూసినవారు చాలామంది ఉత్తరపు అడవులలో పనిచేశారు. కాబట్టి మనం కూడా ఇప్పుడు అక్కడికి వెళ్ళాలి. అట్లాసు తెరవండి. అలాస్కా, కెనడా, నార్వే, స్వీడన్, ఫిన్లాండు, రష్యా మీదుగా వేలు నడపండి. భూగోళానికి పచ్చని తలపాగా చుట్టినట్టు ఒక అడవి కనబడుతుంది. రష్యన్లు దానిని టైగా అంటారు. ప్రపంచంలోని అడవులలో నాలుగో వంతుకు పైగా అక్కడే ఉన్నది. స్ప్రూస్, పైన్ వంటి చెట్లకు అక్కడ సూదుల్లాంటి ఆకులుంటాయి. ఇంకొక విశేషం వినండి. ఆ అడవులలో చెట్లలో ఉన్న కర్బనం కంటె నేలలో ఉన్న కర్బనమే ఎక్కువ. పైకి కనిపించే అడవి కన్న కింద దాగిన అడవి పెద్దదన్నమాట.

ఆ తలపాగాలో ఒక చోట ఆగుదాం. స్వీడన్ ఉత్తర భాగంలో ఊమెయో అనే పట్టణం ఉన్నది. దానికి వాయవ్యంగా విండెల్న్ అనే ఊరు. ఆ ఊరి దగ్గర క్రిక్లాన్ అనే వాగులోకి నీరందించే నేల సుమారు 68 చదరపు కిలోమీటర్లు. ఆ చోటు 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మన మలేషియా 8 డిగ్రీల లోపలే ఉన్నది కదా! మనకు ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. అక్కడ వాన, మంచు కలిపినా సుమారు 600 మిల్లీమీటర్లే. ఏడాదిలో దాదాపు సగం కాలం నేల మంచు కింద ఉంటుంది. అక్కడి చిన్న చిన్న వాగుల నీటిని శాస్త్రజ్ఞులు 1980ల నుంచి సీసాలలో పట్టి కొలుస్తున్నారు. ఎముకలు కొరికే చలిలో మంచు తవ్వి, దాని కింద పారే నీటిని కూడా తెచ్చి పరీక్షిస్తున్నారు.

ఇక మన నీటిబొట్టు వెంట నడుద్దాం. అది ముందుగా స్ప్రూస్ కొమ్మ మీద పడుతుంది. అక్కడ సూది ఆకులను కడిగి మొదటి పిడికెడు కర్బనం ఎత్తుకొంటుంది. తర్వాత నేల మీద పడుతుంది. మన దగ్గర రాలిన ఆకు కొద్ది నెలలకే కుళ్ళి మాయమవుతుంది. చలిదేశంలో అలా కాదు. అక్కడ కుళ్ళించే సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు నెమ్మదిగా పనిచేస్తాయి. అందుచేత రాలిన సూదులు ఏటికేడు పేరుకొని, చాప పరిచినట్టు మెత్తగా, నల్లగా ఉంటాయి. నీటిబొట్టు ఆ చాపలోంచి దిగేటప్పుడు మూట నిండిపోతుంది. ఆ పొర దాటిన ఒక లీటరు నీటిలో కరిగిన కర్బనం సాధారణంగా కొన్ని పదుల మిల్లీగ్రాములు ఉంటుంది. ఇదే మన 'టీ' కాగిన చోటు.

ఆ చాప కింద పార పెట్టి తవ్వితే వింత కనిపిస్తుంది. నల్లని పొర కింద బూడిదరంగు ఇసుక పొర. దాని కింద ఇనుము తుప్పురంగు పొర. ఎవరో రంగులు వేసినట్టే ఉంటుంది. ఈ నేలకు 'పాడ్జోల్' అని పేరు. ఇది రష్యన్ మాట. 'పోద్' అంటే కింద, 'జొలా' అంటే బూడిద. పైపొర కింద బూడిద ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కాని అక్కడ ఏ మంటా మండలేదు. ఆ రంగు వేసింది మన నీటిబొట్టే.

అది ఎలాగంటారా? సూదుల చాపలోంచి వచ్చే నీటికి పులుపు గుణం ఉంటుంది. అందులో కరిగిన కర్బనం ఇసుకలోని ఇనుమును, అల్యూమినియమును పట్టుకొని తన వెంట కిందికి లాక్కొని పోతుంది. రంగునిచ్చే ఇనుము పోయాక మిగిలిన ఇసుక బూడిదరంగుగా కనిపిస్తుంది. ఇంకా కిందికి వెళ్ళేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ ఇనుము, అల్యూమినియం గట్టిపడి రేణువులకు పూతలా అంటుకొంటాయి. తెల్లచొక్కా మీద పసుపు పడితే ఎంత ఉతికినా వదలదు కదా! అలాగే ఆ తుప్పుపూత వచ్చిన కర్బనాన్ని వచ్చినట్టు పట్టుకొంటుంది. దారిలో కొంత కర్బనాన్ని సూక్ష్మజీవులు తినివేస్తాయి. ఆ విధంగా తుప్పుపొర దాటేసరికి లీటరు నీటిలో కరిగిన కర్బనం చాలా చోట్ల కొన్ని మిల్లీగ్రాములకు పడిపోతుంది. టీలాగా బయలుదేరిన నీరు మంచినీటిలాగా తేటబడుతుంది. స్వీడన్‌లో మంచుయుగపు హిమం కరిగిపోయి సుమారు పదివేల ఏళ్ళయింది. నీటిబొట్లు అప్పటినుంచీ ఈ పొరలు గీస్తూనే ఉన్నాయి.

'కర్బనమంతా రాలిన ఆకులనుంచే వస్తుందా?' అని మీకు అనుమానం రావచ్చు. శాస్త్రజ్ఞులకు కూడా వచ్చింది. పీటర్ హ్యోగ్‌బెర్గ్, ఆయన సహచరులు ఉత్తర స్వీడన్‌లో ఒక పైన్ అడవిలో ఒక ప్రయోగం చేశారు. చెట్ల మాను చుట్టూ బెరడును ఉంగరంలాగా ఒలిచారు. ఆకులు తయారు చేసిన చక్కెర బెరడులోని దారి వెంటనే వేళ్ళకు దిగుతుంది. బెరడు తీస్తే ఆ దారి తెగిపోతుంది. అప్పుడు నేలనుంచి వెలువడే కార్బన్ డయాక్సైడు ఒకటి రెండు నెలలలోనే సుమారు సగానికి తగ్గింది. ఈ సంగతి వారు 2001లో ప్రకటించారు. తర్వాత చేసిన పరీక్షలలో నేలనీటిలో కరిగిన కర్బనం కూడా తగ్గిందని తెలిసింది. దీనివల్ల ఏం తేలింది? చెట్టు ఈ వేసవిలో వండిన చక్కెర ఈ వేసవిలోనే వేళ్ళకు, వేళ్ళతో స్నేహం చేసే శిలీంధ్రాలకు, అక్కడినుంచి నేలనీటికి అందుతున్నది. మన నీటిబొట్టు మూటలో పాత ఆకుల సరుకుతో పాటు ఈ ఏటి సరుకు కూడా ఉన్నదన్నమాట.

ఇప్పుడు ఒక చిక్కుప్రశ్న అడుగుతాను. శ్రద్ధగా వినండి.

క్రిక్లాన్‌లో రెండు చిన్న వాగులున్నాయనుకోండి. ఒకటి అడవిలోంచి వస్తుంది. ఇంకొకటి పీట్ చిత్తడినేలలోంచి వస్తుంది. వసంతకాలంలో రెండు చోట్లా ఒకే మంచు కరుగుతుంది. మంచునీటిలో కర్బనం దాదాపు ఉండదు. మరి రెండు వాగులలోనూ రంగు పలచబడాలి కదా! అలా జరగలేదు. పీట్ వాగు పలచబడింది. అడవి వాగు మాత్రం ఇంకా చిక్కబడింది! ఎందుకని?

జవాబు దారిలో ఉన్నది. మొదట పీట్ నేల సంగతి చూడండి. చలికాలంలో దాని పైపొర గడ్డకట్టి ఉంటుంది. వసంతంలో కరిగిన మంచునీరు చాలావరకు లోపలికి దిగకుండా, గడ్డకట్టిన నేల మీదుగా జారి వాగులో పడుతుంది. తేటనీరు వచ్చి కలిసింది కాబట్టి రంగు పలచబడింది.

అడవిలో అలా కాదు. అక్కడ మంచునీరు నేలలోకి ఇంకుతుంది. చలికాలమంతా వాగులోకి లోతు పొరల నీరే వస్తుంది. అది తుప్పుపొర తేర్చిన నీరు. వసంతంలో నేలలోని నీటిమట్టం పైకి లేస్తుంది. అప్పుడు వాగు ఒడ్డున ఉన్న నల్లని, మెత్తని పైపొరల గుండా నీరు ప్రవహిస్తుంది. అక్కడ కర్బనం దండిగా ఉన్నది. దానిని పట్టే తుప్పుపొర దారిలో తగలదు. కాబట్టి మూట నిండుగానే వాగులో పడుతుంది.

మరొక విచిత్రం కూడా ఉన్నది. మిట్టమధ్యాహ్నం తోటలో రబ్బరు గొట్టం కుళాయి తిప్పితే మొదట వేడినీళ్ళు వస్తాయి. అవి అంతకు ముందే గొట్టంలో ఉన్న నీళ్ళు. కొత్తనీరు పాతనీటిని ముందుకు తోసింది. అడవి నేలలో జరిగేది కూడా అదే. వసంతంలో వాగులోకి వచ్చే నీటిలో ఎక్కువ భాగం అప్పుడే కరిగిన మంచు కాదు. అంతకు ముందునుంచే నేలలో ఉన్న నీరు.

చూశారా పిల్లలూ! ఒకే ఊరు, ఒకే మంచు, ఒకే వసంతం. దారి వేరైతే నీరు వేరైంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మన కథకు ఇదే ఆయువుపట్టు.

వాగులో పడ్డాక మూట ఏమవుతుంది? కొంత కర్బనాన్ని నీటిలోని సూక్ష్మజీవులు తిని, కార్బన్ డయాక్సైడుగా మార్చి గాలిలోకి వదలుతాయి. కొంతదాన్ని సరస్సులలో ఎండ విరగగొడుతుంది. కొంత సరస్సుల అడుగున బురదలో పడి నిద్రపోతుంది. మిగిలింది సముద్రం చేరుతుంది. జొనాథన్ కోల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2007లో ప్రపంచమంతటికీ లెక్క కట్టారు. ఏడాదికి కనీసం 190 కోట్ల టన్నుల కర్బనం నేలనుంచి నదులు, సరస్సులలోకి వస్తున్నదనీ, అందులో సముద్రం చేరేది సుమారు 90 కోట్ల టన్నులేననీ చెప్పారు. ఆ తర్వాత వచ్చిన లెక్కలు ఇంకా ఎక్కువే చెబుతున్నాయి. అంటే నది ఉత్త గొట్టం కాదు. దారి పొడవునా పనిచేసే కార్ఖానా.

ఇక ఈ కథలో అందరినీ తికమక పెట్టిన ఒక ఘట్టం. 1980లు, 1990లనుంచి స్కాండినేవియా, బ్రిటన్, ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంతాలలో చాలా సరస్సులు, వాగులు ఏటికేడు మరింత తేనీటి రంగుకు తిరగసాగాయి. కొందరు 'నేల చెడిపోతున్నది' అని భయపడ్డారు. డాన్ మాంటీత్, ఆయన సహచరులు ఐరోపా, ఉత్తర అమెరికాలలో 522 సరస్సులు, వాగుల లెక్కలు తీశారు. అవి 1990 నుంచి 2004 వరకు కొలిచినవి. 2007లో వారు చెప్పిన ముఖ్యకారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆమ్లవర్షం తగ్గడమే కారణమన్నారు!

బొగ్గు, చమురు కాల్చితే గంధకపు పొగ వస్తుంది. అది వానలో కలిసి ఆమ్లవర్షమై కురిసేది. చేపలు చచ్చిపోయేవి. అందుచేత ఎన్నో దేశాలు 1979లో జెనీవాలో ఒప్పందం చేసుకొన్నాయి. 1985లో హెల్సింకీలో గంధకపు పొగను కనీసం 30 శాతం తగ్గించాలని సంతకాలు చేశాయి. పొగ తగ్గింది. ఆమ్లం ఎక్కువగా ఉన్నప్పుడు నేలలోని కర్బనం సులభంగా కరగదు. ఆమ్లం తగ్గగానే మళ్ళీ కరగసాగింది. అంటే ఆ సరస్సులలో చాలావాటికి వచ్చిన రంగు కొత్త జబ్బు కాదు, పాత జబ్బు తగ్గిన గుర్తు.

అయితే 'రంగు వస్తే ఎప్పుడూ మంచిదే' అనుకొంటే అదీ పొరపాటే. రంగు చిక్కనైతే సరస్సు లోతుకు వెలుతురు దిగదు. అడుగున మొక్కలు పెరగవు. తాగేనీటికి కూడా ఇబ్బంది ఉన్నది. 1974లో రోటర్డాం నగరపు నీటిశాఖలో పనిచేసిన యొహానెస్ రూక్ ఒక సంగతి బయటపెట్టాడు. ఇటువంటి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలిపితే, కరిగిన కర్బనంతో అది కలిసి క్లోరోఫారం వంటి హానికరమైన పదార్థాలు తయారవుతాయి. కాబట్టి క్లోరిన్ వేయకముందే కర్బనాన్ని వీలైనంత తీసివేయాలి. అందుకు నీటిశుద్ధి కేంద్రాలు పటిక వంటి పదార్థాలు వాడతాయి. మన తాతముత్తాతలు తెలుగునాట వరదనీటి బురదను తేర్చడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. చిల్లగింజ తేలే మట్టికి చాలు. కరిగిన కర్బనానికి పటిక కావాలి. పటికలో ఉన్నది ఏ లోహం? అల్యూమినియం! తుప్పుపొరలో కర్బనాన్ని పట్టుకొన్న జోడీలో ఒకటి అదే కదా! నేల చేసే పనినే మనిషి తొట్టిలో చేస్తున్నాడు.

మనిషి ఆ నీటి దారినే మార్చితే ఏమవుతుంది? ఫిన్లాండులో చెట్లు బాగా పెరగాలని సుమారు 50 లక్షల హెక్టార్ల పీట్ నేలలో కాలువలు తవ్వి నీరు తీసివేశారు. చెట్లు పెరిగాయి. కాని నీరు దిగిన చోట గాలి దూరింది. గాలి తగలగానే, వేల ఏళ్ళు నీటిలో నిద్రపోయిన పీట్ కుళ్ళడం మొదలుపెట్టింది. దాని కర్బనం గాలిలోకి పోసాగింది. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ కాలువలనే పూడ్చి, నీటిని మళ్ళీ నిలబెడుతున్నారు. తవ్వడానికి కొన్ని వారాలు చాలు. పోయిన పీట్ తిరిగి పేరుకోవడానికి వేల ఏళ్ళు కావాలి.

ఇక మన ఊరికి తిరిగివద్దాం. మనకు మంచు లేదు. కాని పీట్ ఉన్నది, కాలువలు ఉన్నాయి. 2015లో పొగమంచులాంటి పొగ కమ్ముకొని మన బడులు మూసివేసిన సంగతి మీ అక్కలు, అన్నలు చెప్పే ఉంటారు. అందులో ఎక్కువ భాగం సుమత్రా, కలిమంతాన్‌లలో నీరు తీసి ఎండబెట్టిన పీట్ నేలలు తగలబడగా వచ్చిన పొగ. తడి పీట్ సులభంగా అంటుకోదు. నీటి దారి మారింది, కర్బనం దారి కూడా మారింది. నీటిలో టీ రంగుగా ఉండవలసినది గాలిలో పొగై మన ఊపిరితిత్తులలోకి వచ్చింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. రెండు గ్లాసులు చూసిన తర్వాత ఆమెకు నేను ఇలా చెప్పాను. "తల్లీ! ఆ నీళ్ళు మురికివి కావు. అలా అని తాగదగినవీ కావు. అవి అడవి లెక్కల పుస్తకం. ఆ రంగు ఎంత చిక్కగా ఉన్నదో, ఏ కాలంలో ఉన్నదో, ఏ దారిన వచ్చిందో తెలిసినవాళ్ళు దాన్ని చదవగలరు."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "అయితే మాస్టారూ, మన కాలువలో రంగు వానకు ముందు ఎక్కువా, వాన తర్వాత ఎక్కువా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. మర్నాటినుంచి ఆమె ఇంటి దగ్గరి కాలువనుంచి వారానికి ఒక సీసా నీళ్ళు, వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకొని, పట్టి తెస్తున్నది. సీసాల మీద తేదీ, వాన పడిందో లేదో తెలుగులోనే రాస్తున్నది. మా తరగతి కిటికీ దగ్గర ఇప్పుడు పదకొండు సీసాలు వరుసగా ఉన్నాయి. వెలుతురు పడితే ఏ రెండింటి రంగూ ఒకటిగా కనిపించదు.

బాలబాలికలారా! మీ ఊళ్ళో కూడా ఒక కాలువ ఉంటుంది. ఈసారి దాన్ని చూసినప్పుడు ముక్కు చిట్లించకండి. "నువ్వు ఏ దారిన వచ్చావు?" అని అడగండి. పెద్దవాళ్ళను తోడు తీసుకొని ఒక సీసా నీళ్ళు పట్టండి. దాని మీద తేదీ వేయడం మాత్రం మరచిపోకండి.